అశ్వారావుపేట డేరాసినిమా : కొన్ని పూర్వస్మృతులు

ఈ వార్షికసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు సెలవిచ్చినప్పుడు, మేము మొదట మన పూర్వులు కట్టించిన సత్రములను, త్రవ్వించిన బావులను గూర్చియే వ్రాయ నుద్యమించితిమి. అట్టి వ్యాసములు మన సంచికలలో ఏటేట వచ్చుచునే యున్నవి. దాతల నామములును, ఛాయాపటములును వానిలో తగినట్లు ప్రకటితములగుచునే యున్నవి. కాని మా యీడువారు నలుగురు ఒకచోట కూడినప్పుడు సత్రమును గూర్చి ముచ్చటించుకొనుట మేమెన్నడును వినలేదు. వారి నోట వచ్చునది డేరాసినిమా. ఊరంతయు ఎరిగిన విషయమొకటి ఏ గ్రంథమునను ఒక్క పంక్తియైన లేక పోవుచున్నది గదా యని, ఈ యేడు దానినే గ్రహించితిమి. మహాజనులు మన్నింతురుగాక.

అశ్వారావుపేట ఎల్లపొలమున నున్న యూరు. పాల్వంచ సంస్థానప్రభువుల వంశనామమే దీనికి పేరైనది. పడమట సత్తుపల్లి, తూర్పున జీలుగుమిల్లి దాటినచో జంగారెడ్డిగూడెము, చుట్టును అడవి. 1948 వరకు మా యూరు నైజామురాజ్యములోనిది. జీలుగుమిల్లి చెన్నపురి రాజధానిలోనిది. రెండింటి నడుమ కరోడగిరివారి నాకాలు. నాణెము సైతము వేరు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీరూపాయలు ఇచ్చుకొనవలెను. ఆవలిసీమకు తెరబొమ్మలు చూడబోవు మా పెద్దలు ముందుగా సాహుకారు నాశ్రయించి సిక్కాలు మార్చుకొనెడివారట. టిక్కెట్టు వెలకన్న మారకపు వట్టమే బాధించెడిదని మా పితామహులు చెప్పి నవ్వుచుండిరి. ఈవల సర్కారులోనో, సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి ముందుగా అనుమతి పొందవలసియుండెను. పదిమంది ఒకచోట కూడుటయే శంకకు తావైన కాలమది. అట్టిచోట పిమ్మటి కాలమున రాత్రివేళ ఐదారువందలమంది ఒక్క డేరా క్రింద, ఏ జంకును లేక కూర్చుండి నవ్వుట యెట్టి వింతయో నేటివారికి చెప్పినను తెలియదు.

ఈ సంచారసినిమా మన దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. తిరుచినాపల్లిలో రైలుశాఖ యుద్యోగియైన సామికణ్ణు విన్సెంటు 1905లో ఒక పరాసుదేశీయునొద్ద యంత్రమును కొని, డేరాతో ఊరూరును తిరిగెను. మన తెలుగువారిలో ఈ మార్గమును త్రొక్కిన మహనీయుడు మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు. చెన్నపురిలో ఛాయాగ్రాహకులుగా స్థిరపడిన వీరు, తమ స్టూడియోను తాకట్టుపెట్టి, బొమ్మతోపాటు ధ్వనిని కూడ వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనిరి; దాని వెల ముప్పదివేల రూపాయలని చెప్పుదురు. ఆ యంత్రమును వెంటగొని బర్మా, సింహళముల వరకు ప్రదర్శనము లిచ్చిరి. చెన్నపురిలో గెయిటీ సినిమాశాలను కట్టించిరి. వీరి కుమారులు ప్రకాశుగారు 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ అను మూగచిత్రమును నిర్మించిరి. ఆ యేడే బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాను స్థాపించిరి. 1932లో ‘భక్తప్రహ్లాద’తో తెర తెలుగు పలికినది. 1936 నాటికి రాజమహేంద్రవరమున నిడమర్తి సూరయ్యగారి దుర్గా సినీటోను వెలసినది. గోదావరి కావలియొడ్డున చిత్రములు తయారగుచుండగా ఈవలి యడవిలో మేము వీథిభాగవతములతో తృప్తిపడుచుంటిమి. వెంకయ్యనాయుడుగారు 1941లో దివంగతులైరి. చివరిదినములలో వారికి కలిమి మిగులలేదు. వారి పేర ప్రభుత్వము 1980లో పురస్కారమును నెలకొల్పినది. ఋణము తీర్చుటకు నలుబదియేండ్లు పట్టినది!

ఇక మా యూరి మాట. కోతలై, నూర్పిళ్లై, రైతు చేత నాలుగు డబ్బు లాడు దినములలో డేరా వచ్చెడిది. వానకాలమున దారులు తెగును గనుక వచ్చుటకు వీలులేదు. రెండెడ్లబండ్లపై గుంజలు, గుడారపు గుడ్డ, ఒక ఆయిలింజను, డైనమో, ప్రొజెక్టరు యంత్రము, ఇనుపపెట్టెలలో రీళ్లు. మైదానమున గుంజలు పాతుచుండగనే బడి ఖాళీ. మరునాటినుండి రంగుకాగితములు అంటించిన తడికల బండి, దాని ముందు డప్పు, వెనుక కరపత్రములకై పరుగిడు మావంటి బాలురు. చదువురాని వారును కరపత్రమును మడచి తలపాగలో దాచుకొనెడివారు.

సాయంకాలము ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన వేంకటేశ్వరస్తుతి రికార్డు లౌడుస్పీకరున మ్రోగినచో టిక్కెట్లు ఇచ్చుచున్నారని గుర్తు. ఆ పాట చెవి సోకగనే పొలములలో నున్నవారు కాడి విప్పెడివారు. తిరుమలను చూడనివారికి సైతము ఆ పాట కంఠస్థము.

యంత్రమొక్కటియే గావున ఒక రీలు ముగిసి మరియొక రీలు ఎక్కించువరకు చీకటి. వేయియడుగుల రీలు పదునొకండు నిమిషములు ఆడును. రెండింటిని అతికినను ఇరువదిరెండు నిమిషములకు మించదు. మూడుగంటల చిత్రమున ఎన్నిమార్లు చీకటి వచ్చునో పాఠకులే లెక్కించుకొందురుగాక. ఆ చీకటిలోనే వేరుసెనగకాయలు, సోడాలు, చుట్టపుపలుకరింపులు. మా యూరి వివాహసంబంధములు రెండుమూడు రీలునకు రీలునకు నడుమనే కుదిరినవనుట అతిశయోక్తి కాదు. యంత్రములోని దీపము విద్యుద్గోళము కాదు. రెండు కార్బనుకడ్డీల మొనలు దగ్గర చేర్చగా పుట్టు తెల్లనిజ్వాల. కడ్డీలు కరుగుకొలది ఆపరేటరు మరల జరుపుచుండవలెను. ఏమరినచో తెరమీది దేవత నల్లబడిపోవును. రీలు ఆగిపోయినచో ఆ వేడికి బొమ్మ నడుమ గోధుమవన్నె బొబ్బ యొకటి లేచి పెద్దదగుచు వచ్చెడిది. అది కూడ కథలోనిదే యనుకొని చేతులు జోడించినవారిని మేమెరుగుదుము. పూర్వపు రీళ్లు నైట్రేటుతో చేయబడినవి, వట్టిగడ్డివలె భగ్గుమనునవి. అందుచేతనే యంత్రపుగదిచుట్టు రేకులు, ద్వారమున ఇసుకబాల్చీలు ఉండవలెనను నిబంధన యేర్పడినది. 1950 తరువాత అంటుకొనని రీళ్లు వాడుకలోనికి వచ్చినవి గాని బాల్చీలు మాత్రము పోలేదు. వానిలో ఇసుకకన్న చుట్టపీకలే హెచ్చు.

లోపల తరగతులు మూడు: నేల, బెంచి, కుర్చీ. స్త్రీలకు వేరుగా తడికకట్టు. ఈ విషయమును మన సంచికలో వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును గాని వ్రాయక తప్పదు. పంక్తిభోజనమున, దేవాలయమున, చేదబావియొద్ద ఎవరి తావు వారికి పుట్టుకతోనే యేర్పడియున్న దినములవి. డేరాలో తావు నేర్పరచినది చేతిలోని కాసు మాత్రమే. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ను తీసి తెరమీద చెప్పినదానిని, తెర కీవల టిక్కెట్టుపుస్తకము చడిచప్పుడు లేక చేయుచుండెను. మన కులపెద్దలలో ఒకరు (వారి పేరు వ్రాయము) ఇతరులు తగులుదురని తమ ఇంటినుండియే కుర్చీ తెప్పించుకొని వెనుకగా వేయించుకొనెడివారు. 1963లో విడుదలైన ‘లవకుశ’ చాలకాలమునకు గాని మా యూరికి రాలేదు. వచ్చిన రాత్రి చుట్టుప్రక్కల గూడెములనుండి బండ్లు బండ్లుగా జనము. కుర్చీ వేయుటకు చోటేది? ఆ పెద్దలు గడియసేపు నిలుచుండి, కాళ్లు పీకి, తుదకు ఉత్తరీయము పరచుకొని నేలమీదనే కూర్చుండిరి. ఒకప్రక్క చర్మకారుడు, మరియొకప్రక్క కోయవృద్ధురాలు. సీత భూమిలోనికి పోవు ఘట్టమున ముగ్గురును ఒక్కతీరున ఏడ్చుట మేము కన్నులార చూచితిమి. ఇంటికి వచ్చి వారు స్నానము చేసిరా యని మా తల్లిగారు మెల్లగా విచారించిరి. చేసినట్లు తెలియలేదు. మరునాటినుండి వారింటి కుర్చీ డేరాకు రాలేదు.

అయితే డేరా అందరిని సమముగా చూచినదని చెప్పుట సత్యము కాదు. నేలతరగతిని నింపినవారిలో సగము మంది కోయలు. తెరమీద వారి మాట యెన్నడును వినబడలేదు. అడవి ఘట్టము వచ్చినచో ఆకులు చుట్టుకొని, మొగమునకు మసి పూసికొని, అర్థములేని కేకలు వేయుచు గంతులిడువారే కనబడెడివారు. కొమ్ములు ధరించి డోలు వాయించు నిజమైన కోయనృత్యము మైదానమునకు కూతవేటు దూరముననే యుండగా ఆ చెన్నపట్టణపు అడవివారిని చూచి మా కోయలు పొట్టచెక్కలగునట్లు నవ్వెడివారు. ఆ నవ్వులో నొప్పికూడ కొంత కలదేమో యని మాకు ఇప్పుడు తోచుచున్నది, అప్పుడు తోచలేదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చినప్పుడు మాత్రము వారు నవ్వలేదు.

చిత్రము లాలస్యముగా వచ్చుటకు కారణ మేమన, వర్తకులు ఊళ్లను ఎ, బి, సి కేంద్రములని విభజించిరి. పట్టణములలో ఆడి, పిమ్మట చిన్నపట్టణములలో ఆడి, గీతలుపడి, వానకురియుచున్నట్లు కనబడు రీళ్లు మా పాలికి వచ్చెడివి. ఒకప్పుడు నడిమిరీలు ఒకటి తప్పిపోయి రాగా, నాయిక వివాహము కాకుండగనే బిడ్డను ఎత్తుకొని కనబడినది. మా వీథివారు వారముదినములు తర్కించిరి. దీనికి తోడు సరిహద్దు. ఖమ్మము జిల్లా 1953లో ఏర్పడినది, 1956లో రెండు సీమలును ఒక రాష్ట్రమైనవి, నాకాలు పోయినవి, సిక్కాలు పోయినవి; కాని సినిమావర్తకుల పటమున మా యూరు ‘నైజాము’, జంగారెడ్డిగూడెము ‘పశ్చిమగోదావరి’. ఈ చిత్రమును కొన్నవాడు వేరు, ఆ చిత్రమును కొన్నవాడు వేరు. 2014లో రాష్ట్రములు మరల రెండైనవి. 2016లో మా మండలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. 2022లో జీలుగుమిల్లి ఏలూరు జిల్లా పాలైనది. ప్రభుత్వముల గీతలు ఇన్నిమార్లు చెరిగి పుట్టినను వర్తకుల నోట ‘నైజాము’ అను మాట నేటికిని చెరుగలేదు.

డేరా పోయి రేకులశాల, రేకులు పోయి మిద్దె: ఇది మన సీమలో అనేకగ్రామముల వరుస. మిద్దె వచ్చిన పిమ్మట నేలతరగతిలో ఇసుక పోయి గచ్చు వచ్చినది. రెండు యంత్రములు వచ్చి నడిమిచీకటి పోయినది, ముచ్చటలును పోయినవి. 1973లో గోదావరిమీద పడవలో భద్రాచలయాత్ర సాగు ‘అందాల రాముడు’ను మాత్రము మావారు తమ యూరి కథవలె చూచిరి. తరువాత 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వెలసినది. 1987లో ఆదివారము ఉదయము ‘రామాయణము’ ఆరంభమైనంతట, లవకుశులకై బండ్లు కట్టుకొని వచ్చినవారి మనుమలు ఇంటిలోనే చాపపరచుకొనిరి. పిమ్మట వీడియోలు, ఉపగ్రహమునుండి దిగు చిత్రములు, రీళ్లు లేని యంత్రములు. పెక్కుచోట్ల పాతశాలలు కల్యాణమండపములో, ధాన్యపుగిడ్డంగులో యైనవి. కల్యాణమండపమైనచోట వరుడు కూర్చుండు వేదిక యొకనాడు తెర నిలిచిన చోటే.

సత్రము కట్టించినవారి పేరు శిలాఫలకముననున్నది. డేరాను మోసికొని వచ్చినవారి పేరు ఎచ్చటను లేదు. వారు ఏ కులమువారో మేము విచారింపలేదు. ఆ కాలమున ఎవరును విచారింపలేదు. కార్బనుకడ్డీలు జరిపిన ఆపరేటరు, ద్వారమున టిక్కెట్టు చింపిన మనుష్యుడు, తడికలబండి ముందు డప్పు కొట్టినవాడు: వీరిని గుర్తెరిగినవారు మా యూర ఇంకను కొందరు కలరు, కాని ఏటేట తగ్గుచున్నారు. కావున పాఠకమహాశయులలో ఎవరి యింటనైన తలపాగలో మడచిన కరపత్రముగాని, సగము చినిగిన టిక్కెట్టుగాని, డేరా ముందు నిలిచి తీయించుకొన్న పటముగాని యున్నచో సంఘకార్యాలయమునకు పంపవలసినదిగా ప్రార్థించుచున్నాము. మాయొద్ద నున్నది ఒక్క నేలతరగతి టిక్కెట్టు. దానిమీది యంకెలు చెరిగిపోయినవి. గులాబిరంగు మాత్రము కొంత మిగిలియున్నది.