విల్లుబండి నుంచి జీపు దాకా: ముందు బరువు, తర్వాతే స్ప్రింగు



మన కుర్రవాళ్ళు ఐదుగురు కలిసి ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి సిద్ధం చేస్తున్నారని పోయిన ఆదివారం కూటంలో విన్నాం. కోయంబత్తూరులో బయలుదేరి మైసూరు, హంపి, శ్రీశైలం మీదుగా, మన పెద్దలు దిగివచ్చిన దారికి ఎదురుగా పోతారట. చాలా సంతోషం. బండి పైన గుడారం, ముందు ఇనుప బంపరు, నీళ్ళ ట్యాంకు, ఫ్రిజ్జు అంటూ జాబితా చదివారు. ఇంత బరువు ఎలా మోస్తుందని ఒక పెద్దాయన అడిగితే, "వెనక గట్టి స్ప్రింగు వేయించేస్తాం తాతా, సరిపోతుంది" అన్నారు. ఆ ఒక్క మాట మా మనసులో అలాగే నిలిచిపోయింది. దానికి జవాబుగా కొంచెం పాత కథ చెప్పాలి. పొడుగే, తీరిగ్గా చదవండి.

మదురైలో విశ్వనాథ నాయకుని పాలన మొదలైంది 1529లో. అంతకు ముందూ ఆ తర్వాతా, విజయనగర సైన్యాల వెంట కొందరు, కరువుకో భయానికో ఊరు వదిలి మరికొందరు, తెలుగువాళ్ళు తండాలుగా దక్షిణానికి వచ్చారు. కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న కరిసల్ నేలలో, అంటే నల్లరేగడిలో, ఎందరో నిలిచిపోయారు. కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' చెప్పేది ఆ కథే. తమిళ మీడియంలో చదివిన మాలాంటివాళ్ళకు మన వలస కథ తమిళ పుస్తకంలో దొరకడం ఒక వింత. ఆ సంగతి మరోసారి రాస్తాం.

ఆ కాలపు ఎద్దుబండికి స్ప్రింగు లేదు. ఇరుసు మీద నేరుగా చట్రం, చట్రం మీద బరువు, అంతే. మరి అలాంటి బండి రాళ్ళ దారిలో ఎలా బతికింది? మూడు కారణాలు. ఎద్దు నడిచేది మనిషి నడకంత వేగంతో. చక్రం మనిషి రొమ్ము ఎత్తు, కాబట్టి చిన్న గుంటలో దిగబడిపోదు. చెక్క అతుకుల్లో కొంచెం కదలిక ఉంటుంది, కిర్రు కిర్రుమంటూ ఆ దెబ్బను అదే తినేస్తుంది. నడక వేగం దాటితేనే స్ప్రింగు అవసరం పడుతుంది. ఒకే గుంటలో వేగం రెండింతలైతే దెబ్బ రెండింతలతో ఆగదు, అంతకంటే చాలా ఎక్కువ అవుతుంది.

తర్వాత వచ్చింది విల్లుబండి. మన పెద్ద కమతాల ఇళ్ళల్లో ఒకటైనా ఉండేది, ఆడవాళ్ళు కోవిలకూ పుట్టింటికీ పోవడానికి. ఇరుసుకూ గూడుకూ మధ్య వంచిన ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది. చూడ్డానికి విల్లులా ఉంటుంది కాబట్టి తమిళంలో విల్లువండి, మన ఇళ్ళల్లో విల్లుబండి. ఆంధ్రాలో లారీ మెకానిక్కులు ఆ కట్టనే కమాను అంటారు. కమాను అన్నా పారసీలో విల్లే! ఇక్కడా అక్కడా వేరువేరు మాటలు వాడుతూ చెప్పేది ఒకే వస్తువు పేరు. ఈ బండి మెత్తదనంతో పాటు హోదా కూడా ఇచ్చేది. అందుకే 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి, దళితులు నడవకూడదన్న రాజమార్గం మీద విల్లుబండి ఎక్కి పోయాడు. నడిచి పోయినా ధిక్కారమే, విల్లుబండిలో పోవడం ఇంకా పెద్ద ధిక్కారం. మన ఇళ్ళల్లో ఆ బండి ఎవరు ఎక్కేవారో, ఎవరు తోలేవారో కూడా గుర్తుంచుకుంటే మంచిది.

విల్లుబండిలో నలుగురు కూర్చుంటారు. అంతే. నెల్లు మూటలు దాంట్లో వేయరు, వాటికి కట్టబండి ఉంది. మోసే బరువును బట్టి బండి వేరు, ఆ బండిని బట్టి విల్లు వేరు. పుస్తకం చదవని మన తాతలకు ఇది తెలుసు.

ఇప్పుడు మోటారు కాలానికి వద్దాం. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లోనే పుట్టిన జి.డి. నాయుడు గారి గురించి మన పిల్లలకు మేము చెప్పాల్సిన పని లేదు. బడి చదువు పెద్దగా లేదు, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి చూసి నేర్చుకున్న మనిషి. 1920లో ఒక బస్సుతో పొల్లాచ్చి నుంచి పళనికి సర్వీసు మొదలుపెట్టారు. పోదనూరు నుంచి పొల్లాచ్చికి అప్పటికే రైలు ఉంది, 1915లో వచ్చింది. పొల్లాచ్చి దాటితే లేదు. ఉడుమలపేట మీదుగా అరవై కిలోమీటర్లకు పైన, ఎద్దుబండ్ల ఇనుప కట్లు కోసిన గాళ్ళలో పోవాలి. ఆ ఒక్క బస్సే పెరిగి యు.ఎం.ఎస్. అయింది. మదురై వైపు టి.వి.ఎస్. వాళ్ళు. వాళ్ళు మనవాళ్ళు కాదు, అయ్యంగార్లు. అయినా మన ఇళ్ళ నుంచి ఆ వర్క్‌షాపుల్లో చేరినవాళ్ళు ఉన్నారు. రోడ్డు మీద రాలిన ఎద్దు లాడాల మేకులు ఏరడానికి వాళ్ళు అయస్కాంతం కట్టిన బండిని తిప్పేవారు. బస్సు సమయానికి రావాలంటే ముందు దారిని చూసుకోవాలన్న తెలివి అది.

ఆ రోజుల్లో అమెరికాలో ఫోర్డు కంపెనీ చేసిన పని ఒకటి మన కథకు ముఖ్యం. 1908లో వచ్చిన మోడల్ టి కారు తేలిక బండి. జనం దాని మీద లారీ తొట్టి బిగించి బరువులు వేయడం మొదలుపెట్టారు. 1917లో ఫోర్డు ఒక టన్ను మోసే టి.టి. మోడల్ తెచ్చింది. ఇంజిన్ అదే. కానీ గట్టి స్ప్రింగు వేసి అమ్మేయలేదు. ఛాసిస్ పొడుగు చేసి బలంగా చేసింది, వెనక ఇరుసును బరువుకు తగినట్టు కొత్తగా చేసింది. టన్ను మోయాలంటే స్ప్రింగుతో పాటు దాని కిందా పైనా ఉన్నవన్నీ మారాలని ఆ కంపెనీకి తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్కపోతే మన బస్సులకు బొగ్గు గ్యాసు యంత్రాలు తగిలించారు. టి.వి.ఎస్. వాళ్ళే తయారుచేసి అమ్మారు. ఒక ఇనుప డ్రమ్ము, దాని పైపులు, వడపోత పెట్టె, పైగా బొగ్గు మూటలు. ఇంజిన్ బలం బాగా తగ్గింది, మోయాల్సిన బరువు పెరిగింది. ఎక్కుడు వస్తే జనం దిగి నెట్టేవారని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. మేము ఇది చెప్పేది ఎందుకంటే, బండికి తగిలించే ప్రతి ఉపకారమూ ఒక బరువే. డ్రమ్ము అయినా ఫ్రిజ్జు అయినా.

ఇక జీపు. మన కుర్రవాళ్ళ బండికి ఇదే తాత. 1940లో అమెరికా సైన్యం అడిగిన మొదటి బరువు 1,300 పౌండ్లు, అంటే 590 కిలోలు. అంత తేలికగా ఎవరివల్లా కాలేదు. తర్వాత 2,160 పౌండ్లకు, సుమారు 980 కిలోలకు, పెంచారు. విల్లీస్ కంపెనీ నమూనా దానికీ మించిపోయింది. వాళ్ళ చీఫ్ ఇంజినీరు బార్నీ రూస్ బండిని మొత్తం విప్పించి ఒక్కొక్క భాగాన్నీ తూచాడు. పొడుగు బోల్టులు పొట్టివి చేశాడు, రంగు పూత దాకా లెక్కపెట్టాడు. యుద్ధంలో తిరిగిన జీపు చివరికి టన్ను దాటిందనుకోండి, అయినా దారి లేని చోట అది మోయాల్సింది 800 పౌండ్లు మాత్రమే, అంటే 363 కిలోలు. ఆ 363ను గుర్తుపెట్టుకోండి.

1947 నుంచి మహీంద్రా వాళ్ళు మన దేశంలో జీపులు బిగించారు. మన వైపు వాటి రాజ్యం కొండలే. ఆలియారు నుంచి వాల్పారైకి 40 కొండి మలుపులు, బోడి నుంచి బోడిమెట్టుకు 17. బోడినాయకనూరు మన తెలుగు పాళెగాళ్ళ ఊరని వేరే చెప్పక్కర్లేదు. ఏలకుల తోటలకు కూలీలను ఎక్కించుకుపోయే జీపులను అక్కడ చూశాం. లోపల, వెనక, మెట్టు మీద, ఎంతమందో లెక్క తెలిసేది కాదు. వెనక కట్టకు ఒకటి రెండు పట్టీలు అదనంగా వేసేవారు. అప్పుడు జీపు ముక్కు దించి పిర్ర ఎత్తి నిలబడేది. ఖాళీగా దిగేటప్పుడు ఆ వెనక చక్రాలు గులకరాళ్ళ మీద కప్పలా గెంతేవి. నేల వదిలిన టైరు బ్రేకు పట్టదు, మలుపు తిరగదు. ఆ దారిలో పోయిన ప్రాణాలన్నీ నిండు బండ్లలోనే పోయాయని అనుకోకండి.

మా ఉద్యోగం గూడ్సు ఆఫీసులో. ప్రతి వ్యాగను పక్కనా ఖాళీ బరువు ఇంత, మోసే బరువు ఇంత అని రంగుతో రాసి ఉంటుంది. కట్ట చదునుగా నొక్కుకుపోయి కనిపిస్తే ఎగ్జామినరు 'సిక్' అని రాసి పక్క లైన్లో పెట్టించేవాడు. వ్యాపారి వచ్చి స్ప్రింగు మార్చి పంపండి సార్ అనేవాడు. స్ప్రింగు మారుస్తారు, కానీ లోపలి మూటలు దించకుండా కాదు. ఇరుసుకు ఎంత, పట్టాకు ఎంత అన్నది వేరే లెక్క. దాన్ని స్ప్రింగు మార్చదు.

మీరు చేస్తున్నది కూడా అదే, తమ్ముళ్ళూ. గట్టి స్ప్రింగు వేస్తే కుంగిన వెనక భాగం లేస్తుంది. చూసినవాళ్ళకు బరువు తగ్గినట్టు ఉంటుంది. తగ్గలేదు. అదే బరువును ఇరుసు మోయాలి, చక్రం బేరింగు మోయాలి, టైరు మోయాలి, బ్రేకు ఆపాలి. కుంగిన బండి కనీసం నిజం చెబుతోంది. లేచిన బండి ఆ నిజం కూడా చెప్పదు.

ఒక కాగితం తీసుకోండి. ఐదుగురు, తలకు 70 చొప్పున 350 కిలోలు. గుడారం 60. నీళ్ళు 60 లీటర్లు, అంటే 60 కిలోలు. బంపరు, వించి కలిపి 70. అదనపు డీజిలు 40 లీటర్లు, 34 కిలోలు. ఫ్రిజ్జు, దాని బ్యాటరీ 40. స్టవ్వు, గిన్నెలు, పరుపులు, పనిముట్లు 80. మొత్తం 694. తాత మోసింది 363. మీ బండి జీపుకంటే బలమైనదే, కాదనం. అయినా బండితో ఇచ్చిన పుస్తకంలో మొత్తం బరువు పరిమితి లోంచి ఖాళీ బరువు తీసేసి ఎంత మిగులుతుందో చూడండి. పైకప్పు మీద ఎంత పెట్టవచ్చో కూడా అందులోనే ఉంటుంది. ఎత్తులో పెట్టిన 60 కిలోలు కొండి మలుపులో చేసే అల్లరి, నేల మీద పెట్టిన 60 చేయదు. వెనక చక్రాల వెనక్కి వేలాడే బరువు ముందు చక్రాలను ఎత్తుతుంది, స్టీరింగు తేలికైపోతుంది. అది సుఖం అనుకుంటే ప్రమాదం.

తీసేయగలిగినవి చాలానే ఉన్నాయి. 60 లీటర్ల నీళ్ళు ఎందుకు? ఆస్ట్రేలియా ఎడారిలో పోయేవాళ్ళ జాబితా అది. హంపి దారిలో పది కిలోమీటర్లకు ఒక టీ కొట్టు ఉంది. డీజిలు డబ్బాలూ అంతే. ఐదుగురి బదులు ముగ్గురు పోతే ఒక్కసారిగా 140 కిలోలు దిగుతాయి, మిగతా ఇద్దరు బస్సులో వచ్చి కర్నూలులో కలవవచ్చు. ఎవరు బస్సు ఎక్కాలన్నది మీరే కొట్లాడుకోండి.

ఇంత తీసినా బండి కుంగితే అప్పుడు స్ప్రింగు మార్చడం న్యాయమే. మీరు నిజంగా మోసే బరువుకు తగినది అడగండి, కొట్టువాడి దగ్గర ఉన్నవాటిలో గట్టిది కాదు. వెనక కమాను కట్ట ఉన్న బండి అయితే, లారీలకు పైన ఉండే సహాయపు పట్టీల్లాగా బరువు పడ్డప్పుడే తగిలేవి మేలు, ఖాళీలో మెత్తగా ఉంటుంది. స్ప్రింగుతో పాటు షాక్ అబ్సార్బరూ మారాలి. పాత బస్సుల్లో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని గెంతును కొంత ఆపేవి. కాయిల్ స్ప్రింగుకు ఆ రాపిడి లేదు, పనంతా షాక్ అబ్సార్బరుదే. గులకరాళ్ళ అలల దారిలో గంటసేపు పోతే అది కాలిపోయేంత వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద బండి నిర్మాణాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. ఏది చేయించేముందూ ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి రండి.

వీలైతే ఈలోపు అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు గారి కుటుంబం పెట్టిన జీడీ కార్ మ్యూజియంకు పోయి రండి. పాత కార్ల మెరుపు చూసి ఫోటో తీసుకోవడం అందరూ చేసేదే. మీరు వంగి అడుగున చూడండి.

ఆ తర్వాత సామానంతా ఎక్కించి, ట్యాంకు నింపి, పోయేవాళ్ళందరూ కూర్చుని బండిని ఎడై మేడైకి, అదే వే బ్రిడ్జికి, తోలుకెళ్ళండి. మొదట బండి మొత్తం తూయించండి. తర్వాత ముందు చక్రాలు మాత్రం పలక మీద ఉంచి మళ్ళీ తూయించండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వెనక ఇరుసు బరువు వస్తుంది. ఆ రెండు చీటీలూ, బండి పుస్తకమూ వచ్చే ఆదివారం కూటానికి పట్టుకురండి. స్ప్రింగు సంగతి అప్పుడు మాట్లాడదాం.