శవపేటికలు చేసిన దైవజనుడు

ముందుగా యోహాను సువార్త 15వ అధ్యాయం, 13వ వచనం తెరచి ఒకసారి చదువుకోండి. స్నేహితుల కొరకు ప్రాణము పెట్టుటను గురించి ప్రభువు చెప్పిన మాట అది. మీలో చాలామందికి కంఠతా వచ్చు. అయితే ప్రాణం పెట్టడమంటే ఒక్క క్షణంలో ముగిసే పని అని మనం అనుకొంటాము. దాదాపు పదహారేండ్లపాటు దినదినమూ కొంచెం కొంచెంగా ప్రాణం పెట్టిన ఒక మనిషిని గూర్చి ఈ వారం మీతో చెప్పాలని ఆశపడుతున్నాను.

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులు అప్పట్లో స్వతంత్ర రాజ్యం. అక్కడ కుష్ఠువ్యాధి వ్యాపించుట చూచి 1865లో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వ్యాధి కనబడినవారిని ఇంటినుండి వేరుచేసి మొలొకై అనే ద్వీపానికి పంపివేయాలి. 1866 జనవరిలో మొదటి గుంపును అక్కడ దింపారు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండగోడ. తల్లి దగ్గరనుండి బిడ్డను, భర్త దగ్గరనుండి భార్యను తీసుకొనిపోయారు. వెళ్లినవారిలో తిరిగి ఇల్లు చూచినవారు అరుదు. ఆ నిర్బంధం 1969 వరకు సాగింది. మొత్తం సుమారు 8,000 మందిని అలా పంపారు. ఊరి పొలిమేర అవతల కుష్ఠురోగుల కాలనీలను చూచినవారికి ఈ బాధ వేరుగా వివరించనక్కరలేదు.

1873 మే 10న ఆ తీరాన దిగిన కథోలిక గురువు పేరు డామియెన్. 1840లో బెల్జియం దేశంలోని ట్రెమెలో గ్రామంలో ఒక రైతు ఇంట పుట్టాడు. నిజానికి హవాయికి పోవలసినది ఆయన అన్న. అన్న జబ్బుపడితే, ఆ స్థానంలో నన్ను పంపండి అని తమ్ముడు అడిగి వచ్చాడు. మొలొకైకి కూడ గురువులు వంతులవారీగా వెళ్లాలన్నది మొదటి ఏర్పాటు. మొదటి వంతు తీసుకొన్న డామియెన్ మరి తిరిగి రాలేదు. వయస్సు 33 సంవత్సరములు. ఉండుటకు ఇల్లు లేక, మొదటి రాత్రులు మన మొగలి జాతికి చెందిన ఒక చెట్టు క్రింద పడుకొన్నాడు.

ఆయన కట్టిన ఇండ్లను గూర్చి, వేయించిన నీటి గొట్టాలను గూర్చి చాలామంది వ్రాశారు. నన్ను ఆపివేసేది మాత్రం ఆయన చేసిన శవపేటికలు. అక్కడ డబ్బు లేనివాడు చనిపోతే దుప్పటిలో చుట్టి పాతిపెట్టేవారు. డామియెన్‌కు వడ్రంగం వచ్చు. పలకలు కోసి, తన చేతులతో వందలాది పెట్టెలు చేశాడు. గోతులు తానే త్రవ్వాడు. సమాధుల దొడ్డికి కంచె కట్టించాడు. చనిపోయినవారిని ఊరేగింపుగా, పాటలతో, వాయిద్యాలతో సాగనంపుటకు ఒక సంఘాన్ని ఏర్పరచాడు. వ్రేళ్లు పోయినవారు కూడ ఆ పాటల్లో చేరారు.

బ్రదికి ఉన్నవారికే సరియైన ఇల్లు లేని చోట, చచ్చినవానికి పలకలెందుకని మీరడుగవచ్చు. నేనూ అడుగుకొన్నాను. మరణముతో అంతా సరి అనుకొనేవాడు ఆ పలకలను తప్పక ఇంటి పైకప్పుకే వాడేవాడు. లోకం ఎప్పుడో చచ్చినవారి లెక్కలో వేసిన ఆ మనుష్యులను, డామియెన్ చచ్చిన తరువాత కూడ లేవబోయేవారిగా లెక్కించాడు. పునరుత్థానమును గూర్చి ఆయన చేసిన ప్రసంగాలకంటె ఆ సుత్తి చప్పుడే వారికి ఎక్కువ అర్థమై ఉంటుందని నా నమ్మకం.

ఇది తేలికగా జరుగలేదు. తానూ ఆ స్థలం విడిచి పోరాదని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ఒకసారి ఆయన పైఅధికారి ఓడలో వచ్చినా, ఒడ్డున దిగనియ్యలేదు. డామియెన్ చిన్న పడవలో ఓడ ప్రక్కకు వెళ్లి, క్రిందనుండి కేక వేసి తన పాపములను ఒప్పుకొన్నాడు. చుట్టూ ఉన్నవారికి తెలియకుండ ఫ్రెంచి భాషలో!

రోగులతో కలిసి చేమదుంపల ముద్దను ఒకే గిన్నెలో తిన్నాడు. తన పొగగొట్టం వారికిచ్చాడు. ప్రసంగాల్లో వారిని సహోదరులారా అనుటకు బదులు, ‘కుష్ఠురోగులమైన మనము’ అనేవాడు. 1884 చివర ఒకనాడు వేడినీళ్లలో కాలు పెడితే చర్మం పొక్కింది గాని నొప్పి తెలియలేదు. ఆ మాట అప్పటినుండి అక్షరాలా నిజమైంది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆయన తగిన జాగ్రత్త తీసుకోలేదు. 1888లో అక్కడికి వచ్చిన మదర్ మరియానె కోప్ చేతులు కడుగుకొనుట వంటి నియమాలను గట్టిగా పాటింపజేసింది. ఆమె క్రింద పనిచేసిన సహోదరీలలో ఒక్కరికీ వ్యాధి సోకలేదు. ఆమె ప్రేమ ఏమి తక్కువ? ముప్పది సంవత్సరములు ఆ రోగుల మధ్యనే ఉండి 1918లో కన్నుమూసింది. ఇప్పుడైతే మాత్రలతో ఈ వ్యాధి పూర్తిగా నయమౌతుంది, భయపడి ఎవరినీ వెలివేయనక్కరలేదు.

డామియెన్ చనిపోయిన తరువాత హొనొలులులోని ఒక ప్రొటెస్టెంట్ బోధకుడు, డాక్టర్ హైడ్, ఆయన నడవడిని నిందిస్తూ ఉత్తరం వ్రాశాడు. దానికి 1890లో ఘాటైన జవాబు వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ కూడ ప్రొటెస్టెంట్ ఇంట పుట్టినవాడే. డామియెన్ మరణించిన కొద్ది వారాలకే అక్కడికి వెళ్లి, కన్నులతో చూచి వచ్చినవాడు. సంఘభేదములను బట్టి సాక్ష్యం చెప్పే మనకు అది జ్ఞాపకముండాలి.

1889 ఏప్రిల్ 15, శ్రమల వారపు సోమవారం, డామియెన్ కన్నుమూశాడు. ఈస్టరు ఇంక ఆరు దినములే ఉన్నది. ఆ పండుగ ప్రభువు సన్నిధిలో చేసుకొంటానని ఆయన ముందే సంతోషంతో చెప్పినట్లు చరిత్రలో ఉన్నది. మొదట తాను పడుకొన్న చెట్టు క్రిందనే, తాను పెట్టెలు చేసి పాతిపెట్టినవారి ప్రక్కనే, ఆయనను పాతిపెట్టారు.

1936లో ఆయన దేహాన్ని త్రవ్వి తీసి బెల్జియంకు తీసుకొనిపోయారు. మొలొకై ప్రజలకు అది పెద్ద దుఃఖం. 1995లో ఆయన కుడిచేతిని వారికి తిరిగి ఇచ్చారు. గాయాలు కడిగిన ఆ చేతిని, సుత్తి పట్టిన ఆ చేతిని, వారు ఆ పాత సమాధిలోనే మరల పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉన్నది.