పోస్టు, తపాలు, అంచె

తెలుగు ఇంట్లో ‘పోస్టు వచ్చింది’ అంటే ఉత్తరం వచ్చిందని ఒక అర్థం, ఉద్యోగం వచ్చిందని ఇంకొక అర్థం. నియామకపు ఉత్తర్వు రిజిస్టరు కవరులో ఇంటికి చేరే రోజుల్లో ఈ రెండూ ఒకే పూట నిజమయ్యేవి. ఇవి చాలవన్నట్టు ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు ఉంది, ఆటస్థలంలో గోల్‌పోస్టు ఉంది, ఆస్పత్రిలో పోస్టుమార్టం ఉంది, గోడ మీద పోస్టరు ఉంది. బడి మెట్లెక్కని వాళ్లు కూడా తడుముకోకుండా వాడే మాటలివి. చెవికి ఒక్కటిగానే వినిపించినా వీటి పుట్టిల్లు ఒక్కటి కాదు.

లాటిన్‌లో ‘పోస్టిస్’ అంటే గుంజ, ద్వారబంధపు నిలువు కొయ్య. గోల్‌పోస్టు, ల్యాంపుపోస్టు ఈ గుంజ సంతానమే. ఇంగ్లండులో ప్రకటనలను వీధిలోని గుంజలకు తగిలించేవారు కనుక ఆ పనికి ‘పోస్టు చేయడం’ అని పేరు వచ్చింది. పోస్టరు అక్కణ్నుంచే పుట్టింది. ‘పోస్ట్’ అన్న మరో లాటిన్ మాటకు ‘తరువాత’ అని అర్థం. పోస్టుమార్టం అంటే మరణం తరువాత. ఉత్తరం ముగించి సంతకం పెట్టాక గుర్తొచ్చిన ముక్కను ఇంగ్లీషువాళ్లు పోస్టుస్క్రిప్టు అన్నారు, తెలుగువాళ్లు ‘తా.క.’ అని పెట్టి రాశారు. తాజా కలం అన్నమాట. ఉత్తరం పోస్టూ ఉద్యోగం పోస్టూ మాత్రం ఈ రెండు కుదుళ్లవీ కావు. ‘పోసిటుమ్’, అంటే ‘ఉంచినది’ అన్న మూడో మాట నుంచి వచ్చిన తోబుట్టువులవి.

అక్కడ ఉంచింది ఉత్తరాన్ని కాదు, గుర్రాన్ని. రాజు పంపిన కబురు దూరం పోవాలంటే ఒక్క గుర్రం వల్ల కాదు. అందుకని దారి పొడవునా మజిలీల్లో గుర్రాలను, మనుషులను సిద్ధంగా ఉంచేవారు. ఇటలీలో అలాంటి మజిలీ పేరు ‘పోస్టా’. ఆ పేరు కాలక్రమాన మజిలీ నుంచి గుర్రం మీది మనిషికి, అతని నుంచి సంచికి, సంచి నుంచి అందులోని ఉత్తరానికి పాకింది. ఇంగ్లండులో 8వ హెన్రీ రాజు బ్రయన్ ట్యూక్‌ను పోస్టుల అధికారిగా పెట్టాడు. బ్రిటన్ రాయల్ మెయిల్ తన వయసును 1516 నుంచి లెక్కపెట్టుకునేది అందుకే. ఆ శతాబ్దపు ఉత్తరాల మీద ‘త్వరగా పో, పోస్టూ, త్వరగా’ అన్న హెచ్చరిక కనిపిస్తుంది. కొన్నిటి మీద పక్కనే ఉరికొయ్య బొమ్మ గీసి ఉంటుంది. ఆలస్యం చేస్తే ఏమవుతుందో చదువురాని రౌతుకు కూడా తెలియాలని ఆ బొమ్మ. మామూలు జనం ఉత్తరాలకు ఆ సౌకర్యం 1635లో, మొదటి చార్లెస్ కాలంలో దక్కింది.

మన దేశంలోనూ పని అలాగే జరిగింది. 14వ శతాబ్దంలో తుగ్లక్ రాజ్యానికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇక్కడి కాలినడక తపాలును కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. మైలును మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం చివర గుడిసెలు వేసి, నడుం బిగించిన మనుషులను కూర్చోబెట్టేవారు. రెండు మూరల కర్ర, దాని తలకు రాగి గజ్జెలు. ఒక చేత ఉత్తరం, ఒక చేత ఆ కర్ర పట్టుకుని మనిషి పరుగెత్తేవాడు. గజ్జెల చప్పుడు వినగానే ముందు గుడిసెలోని మనిషి లేచి నిలబడేవాడు. గుర్రపు తపాలు కంటే ఇదే వేగమని బతూతా రాశాడు. సింధు నుంచి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణమైతే, కబురు ఐదు రోజుల్లో చేరేదట. ఆ గజ్జెల కర్ర ఎంత గట్టిదంటే, ఐదు వందల ఏళ్ల తరువాత బ్రిటిషు కాలపు రన్నరు చేతిలోనూ గజ్జెలు కట్టిన బల్లెమై కనిపిస్తుంది. అడవిదారిలో మృగాలను బెదరగొట్టడానికీ అది పనికొచ్చేది.

ఉత్తరాదివాళ్లు దీన్ని డాక్ అన్నారు, మద్రాసు వైపు తపాలు అన్నారు. ఈ ‘తపాలు’ పుట్టుక ఇంకా తేలలేదు. మజిలీ అనే అర్థమున్న ‘ఎటాప్’ అన్న ఫ్రెంచి మాటతో దీనికి చుట్టరికం ఉందేమోనని సి.పి.బ్రౌన్ ఊహించారు. తెలుగు నిఘంటువు కూర్చిన ఆ బ్రౌనే 1840ల్లో మద్రాసు పోస్టుమాస్టరు జనరల్‌గా కూడా పనిచేశారు. ఆయన గమనించిన ఇంకొక సంగతి 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ పదకోశంలో నమోదైంది. తెలుగు గుమాస్తాలు ‘తప్పాలు’ను బహువచనం అనుకుని, దానికి ఏకవచనంగా ‘తప్పా’ అని రాసేవారట. పరాయి మాట ఏదైనా ‘లు’తో ముగిస్తే తెలుగు చెవి దాన్ని పలు వస్తువులుగానే వింటుంది. ఆ గుమాస్తాలది పొరపాటు అనడం కంటే భాష తన వ్యాకరణాన్ని తాను పాటించిందనడమే సబబు.

అన్నిటికన్నా అందమైనది ‘అంచె’. మార్చుకునే గుర్రాలకు, బోయీలకు తెలుగులో ఉన్న మాట అది. ఒకచోట ఆగి, బరువును మరొకరికి అందించే మజిలీ అంచె. కన్నడ దేశంలో తపాలుకు ఆ పేరే స్థిరపడింది. మైసూరు సంస్థానపు అంచె 1889లో బ్రిటిషు తపాలులో కలిసింది. తిరువాన్కూరు అంచల్ 1951 దాకా నడిచింది. తెలుగులో అంచె తపాలు పేరుగా నిలవలేదు గాని పోనూ లేదు. ‘అంచెలంచెలుగా ఎదిగాడు’ అన్న ప్రతిసారీ ఆ పాత పరుగుదారి నోట పలుకుతూనే ఉంది. ఇటలీలో పోస్టా ఎలాగైతే మజిలీ పేరో, ఇక్కడ అంచె కూడా అలాగే మజిలీ పేరు.

ఈస్టిండియా కంపెనీ తపాలును 1774లో గవర్నరు జనరల్ వారన్ హేస్టింగ్సు జనానికి తెరిచాడు. నూరు మైళ్లకు రెండణాలు, మనవాళ్ల లెక్కలో బేడ, రుసుము. అది చెల్లించడానికి రాగి బిళ్లలు వేయించాడు. మద్రాసులో జనరల్ పోస్టాఫీసు 1786లో వచ్చింది. కలకత్తా నుంచి మద్రాసుకు నేలదారి తపాలు తెలుగు కోస్తా వెంటే సాగేది. దూరాన్ని బట్టి రుసుము పెరిగే ఆ పద్ధతిలో సామాన్యుడు ఉత్తరం రాసే మాటే లేదు. దాన్ని మార్చింది 1854. డల్హౌసీ హయాంలో దేశమంతటికీ ఒకే రేటు వచ్చింది. పావు తులం బరువు ఉత్తరం పక్క ఊరికి వెళ్లినా పెషావరుకు వెళ్లినా అర్ధణాయే. 1879లో పావు అణా పోస్టుకార్డు వచ్చింది. పెళ్లికబురు, చావుకబురు, పురుటికబురు, అన్నీ కార్డు ముక్క మీదే నడిచాయి. మరుసటి ఏడు మనియార్డరు మొదలైంది.

హైదరాబాదు సంస్థానానిది వేరే తపాలు. 1869లో సొంత తపాలా బిళ్లలు వేసుకుంది. 1871 నాటి బిళ్లల మీద వెల ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు లిపిలోనూ ఉంది. తరువాతి రోజుల్లో చార్మినార్ బొమ్మ కూడా బిళ్ల మీదికెక్కింది. 1950లో ఆ తపాలు భారత తపాలులో కలిసిపోయింది.

ఇక ఉద్యోగం పోస్టు. అది సిపాయి వైపు నుంచి వచ్చింది. కాపలా మనిషిని ఉంచిన చోటు ఇటాలియన్‌లో ‘పోస్టో’. ఇంగ్లీషులో అది ముందు సైనికుడి కాపలా చోటయింది, తరువాత ఏ కొలువులో ఏ కుర్చీకైనా పేరయింది. చెక్‌పోస్టుకు మాత్రం పాత అర్థమే మిగిలింది. మనకూ ఇలాంటి మాట ఉంది. పోలీసులుండే ఠాణా సంస్కృతపు ‘స్థానం’ నుంచి వచ్చిందే. వ్యాపారుల లెక్కల్లో చిట్టా పద్దును ఆవర్జాలోకి ఎక్కించడాన్ని పోస్టింగు అంటారు. కొత్త ఉద్యోగిని అడిగే ‘పోస్టింగు ఎక్కడ?’ అన్న ప్రశ్నలో ఉన్నది మనిషిని ఉంచడమే. ఉద్యోగాలకు ప్రకటన వెలువడితే ‘పోస్టులు పడ్డాయి’ అంటారు. దరఖాస్తు కవరును డబ్బాలో వేసి ఇంటికొచ్చిన కుర్రవాడు చెప్పేది కూడా ‘పోస్టులో పడేసి వచ్చా’ అనే.