చిత్తరువులలో పాఠభేదములు

తణుకునందు నన్నయభట్టు యజ్ఞ మొనర్చెనని మా ప్రాంతపు పెద్దలు చెప్పుచుందురు. ఆ అభిమానముచేత ఇచ్చటి బడులలోను ఇండ్లలోను నన్నయగారి పటమును వ్రేలాడదీసి, ‘ఆదికవి యిట్లుండెడివాడు’ అని బాలురకు చూపుట కలదు. రాజరాజనరేంద్రుని నందంపూడి తామ్రశాసనమును రచించినది నన్నయభట్టే. 1053 ప్రాంతపు ఆ రాగిరేకులలో ఆయన పేరు నిలిచినది గాని, ముఖ మెచ్చటను నిలువలేదు. మనము చూచునది ఇటీవలి చిత్రకారుని ఊహ. భక్తితో ఊహించుట తప్పు గాదు. ఆ ఊహను సాక్ష్యమని పిల్లలకు బోధించుటయే తప్పు.

గ్రంథముల విషయమున మన కీ జాగ్రత్త కొంత యలవడినది. బ్రౌనుదొర 1829లో వేమన పద్యములను ప్రకటింపక మునుపు పెక్కు వ్రాతప్రతులను తెప్పించి, పండితులచేత ఒకదానితో నొకటి పోల్చి చూపించెను. ఏ ప్రతి ముందుది, ఏ లేఖకుడు మక్షికి మక్షిక వ్రాసెను, ఎవడు తన సొంత పద్యమును చేర్చెను అని విచారించిన తరువాతనే పాఠనిర్ణయము. బొమ్మకును ఇట్టి పాఠభేదము లుండునని మాత్రము మనకు తోచదు. ఉండునని చెప్పుటకు పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో అచ్చయిన ‘మెజోటింట్’ చిత్తరువులకంటె మంచి యుదాహరణము లేదు.

ఈ పద్ధతిని కనిపెట్టినవాడు లుడ్విగ్ ఫాన్ సీగెన్. 1642 నాటి ఆయన మొదటి ముద్ర హెస్సె-కాసెల్ సంస్థానపు పాలకురాలు అమేలియా ఎలిజబెత్తు రూపము. తరువాత ఇంగ్లండులో ఇది యెంత వర్ధిల్లెననగా, ఫ్రెంచివారు దీనికి ‘ఆంగ్లేయ రీతి’ యనియే పేరు పెట్టిరి. పనిచేయు విధ మిది. సన్నని పండ్లుగల వంపుటంచు ఉక్కు పనిముట్టును అటునిటు ఊపుచు రాగిరేకు నంతటిని గరుకు చేయుదురు. అప్పుడు సిరా పూసి యొత్తినచో కాగితమంతయు కాటుకవలె నల్లనగును. పిమ్మట వెలుగు కావలసిన చోట్ల రేకును గీకి నునుపు చేయుదురు. ఎంత నునుపైన నంత తెలుపు. ఇతర పద్ధతులలో తెల్లకాగితముపై నల్లగీతలు పడును. ఇందు చీకటిలోనుండి ముఖము వెలికి వచ్చును.

ఆ గరుకు మిక్కిలి సుకుమారమైనది. అచ్చు ఒత్తిడికి త్వరగా అణగిపోవును. మొదటి ప్రతులలో మఖమలువలె నున్న నలుపు కొలదికాలమునకే బూడిదవన్నె కెక్కును. అంతట పనివాడు రేకును మరల దిద్దును. రేకు చేతులు మారినచో క్రొత్త యజమాని పాతపేరు గీకించి తన పేరు చెక్కించుకొనును. కొందఱు తలనే మార్చిరి. పదునేడవ శతాబ్దమున లొంబార్టు చెక్కిన గుఱ్ఱపురౌతు చిత్రమున ఒకప్పుడు క్రామ్వెల్ తలయు, మఱియొకప్పుడు ఆతని శత్రువగు చార్లెసురాజు తలయు నున్నవి. మొండెమును గుఱ్ఱమును అవియే! అది గీతలతో చెక్కిన చిత్రమైనను, రేకున్నవాని చేతిలో ముఖ మెట్లు మారునో తెలుపుచున్నది. రేకుపై జరిగిన ఇట్టి మార్పు నొక్కొక్కదానిని ఒక్కొక్క ‘దశ’ యని లెక్కింతురు. జాన్ చాలొనర్ స్మిత్ అను నాతడు 1878 మొదలు 1883 వఱకు ప్రకటించిన సంపుటములలో బ్రిటిషు మెజోటింట్ చిత్తరువులను వాని దశలతో సహా పట్టిక వేసెను.

ఒక దశను మఱియొక దశనుండి వేఱుపఱచుటకు మంత్రతంత్రము లక్కఱలేదు. మొదట బొమ్మ క్రిందనున్న అక్షరములు చదువవలెను. 1735 నాటి ఆంగ్లశాసనము రేకుపై యజమాని పేరును ప్రకటించిన దినమును చెక్కినవారికి పదునాలుగేండ్ల హక్కు నిచ్చెను. కావున ఆ పంక్తి గ్రంథాంతమునందలి గద్యవంటిది. అక్షరములు చెక్కకమునుపే యొత్తినవి తొలిప్రతులు. పిదప కాగితమును వెలుతురున కెత్తి చూడవలెను. గీతల జాడలేని నేతకాగితము 1757లో బాస్కర్విల్ అచ్చొత్తిన వర్జిల్ కావ్యముతో లోకమున కెఱుకపడినది. 1740 అని తేదీ చెక్కియున్న బొమ్మ అట్టి కాగితముపై నున్నచో, రేకు పాతదైనను ప్రతి తరువాతిదే. కుడియెడమలు తాఱుమాఱైన యెడల, వేఱొకడు అచ్చుప్రతిని చూచి క్రొత్తరేకుపై నున్నదున్నట్లు చెక్కెనని యనుమానింపవలెను. భూతద్దములో చుక్కల వరుసలు కనబడినచో అది ఛాయాచిత్రముద్రణచేత నేటికాలమున తీసిన నకలు.

అయితే ఈ పరీక్షలన్నియు బొమ్మ యెప్పుడు అచ్చయ్యెనో చెప్పునుగాని, ఆ ముఖము నిజమగునో కాదో చెప్పవు. 1775 జూన్‌లో జార్జి వాషింగ్టన్ అమెరికా సైన్యాధిపతి యయ్యెను. ఆ సెప్టెంబరులోనే లండనులో షెపర్డు అను వర్తకుని పేర ఆయన మెజోటింట్ చిత్తరువులు వెలువడెను. ఒకదానిలో గుఱ్ఱముపై, మఱియొకదానిలో నేలపై. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గు నివాసి అలెగ్జాండర్ క్యాంబెల్ ఎదుట చూచి వ్రాసినవని రెంటి క్రిందను చెక్కియున్నది. జర్మనీలోని ఆగ్స్‌బర్గులో వానికి నకళ్లు పుట్టెను. వాషింగ్టన్ 1776 జనవరిలో ఒక మిత్రునికి వ్రాయుచు, ఆ క్యాంబెల్‌ను తాను చూచినట్లే యెఱుగననియు, ఆతడు తన్ను మిక్కిలి భయంకరునిగా చిత్రించెననియు పరిహసించెను. ఆయన నిజముగా ఎదుట కూర్చుండగా 1772లో చిత్రించిన పీల్ అను చిత్రకారుడు 1780లో తానే యొక మెజోటింట్ చెక్కెను. రెంటిని ప్రక్కప్రక్కన నుంచినచో ఇరువురు మనుష్యులను చూచినట్లుండును. క్యాంబెల్ పేరిటి బొమ్మ కాగితము పాతదే, తేదీ సరియైనదే, దశ మొదటిదే. అబద్ధ మొక్క ముఖమునందే యున్నది.

మన దేశపు చిత్తరువు నొకదానిని ఇట్లే విచారింతము. 1816లో మదరాసున థామస్ హిక్కీ మెకంజీదొరను ఎఱ్ఱకోటుతో వ్రాసెను. అచ్చుబొమ్మ గాదు, తైలవర్ణచిత్రము. ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. దొరతోపాటు అందు మువ్వురు దేశీయు లున్నారు. వారిలో ఒకరు కావలి వెంకట లక్ష్మయ్య యనియు, తక్కినవారు జైనపండితుడు ధర్మయ్యయు, బంట్రోతు కిష్టాజీయు ననియు పండితులు నిర్ణయించిరి. మన కైఫీయతులను ఊరూర సేకరించుటకు దారి చూపినవారు ఏలూరి కావలి సోదరులు. పెద్దవాడు బొఱ్ఱయ్య 1803లోనే మరణింపగా ఆ భారమును మోసినవాడు లక్ష్మయ్య. అట్టివాని ముఖమును ఇతరాధారములతో కూర్చి గుర్తింపవలసి వచ్చినది. దొర ముఖమునకు ఆ శ్రమ యెవరికిని కలుగలేదు.

ఇంతదూర మేల? ఒక బంధుగృహమున పాత ఛాయాపటమును చూచితిమి. అట్టముక్కపై పురుషుల పేర్లన్నియు వరుసగా వ్రాసియున్నవి. ముందు కూర్చున్న నలుగురు స్త్రీలకు పేర్లు లేవు. ‘ఈ తల్లి యెవ’రని యడిగితిమి. ఇంటివారు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. ఎనుబదియేండ్ల ముసలమ్మ మాత్రము లోపలినుండి వచ్చి, పటమును కంటికి దగ్గఱగా పట్టుకొని, ముగ్గురిని చెప్పగలిగెను. నాలుగవ ఆమె పేరు ఆమెకును రాలేదు.

మన యిండ్లలోని పటములను ఈ సెలవులలో ఒకసారి దింపుడు. ఊహాచిత్రమైనచో ఊహాచిత్రమని వ్రాయుడు. నిజమైన ముఖమైనచో వెనుకవైపున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. స్త్రీల పేర్లు మఱువకుడు. చెప్పగల ముసలమ్మ ఇంకను ఇంటిలో నున్నప్పుడే యీ పని కావలెను.