పీఠికలో నిలిచిపోయిన పరిశోధన: ఎల్లిస్ నిరూపణ – ప్రచురణ చరిత్ర

కీలక పదాలు: ఎల్లిస్, కాంప్‌బెల్, కాల్డ్వెల్, ద్రావిడ భాషాకుటుంబం, పరిశోధన ప్రచురణ.

1. ఉపోద్ఘాతం

ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి ఆద్యులెవరన్న ప్రశ్నకు మన తరగతి గదుల్లో సాధారణంగా వినిపించే సమాధానం రాబర్ట్ కాల్డ్వెల్. ఆయన తులనాత్మక వ్యాకరణం 1856లో వెలువడింది. అంతకు 40 సంవత్సరాల ముందే, 1816లో, తెలుగు సంస్కృతజన్యం కాదనీ, దక్షిణాది భాషలు ఒకే కుటుంబానికి చెందినవనీ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ సోదాహరణంగా నిరూపించాడు. ఆ నిరూపణ మరుగున పడటానికి అందులోని లోపాలకంటే అది వెలువడిన తీరే ప్రధాన కారణమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిరూపణ – ఆధారాలు

1812లో మద్రాసులో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాల వ్యవహారాలకు ఎల్లిస్ నాయకత్వం వహించాడు. విలియం కేరీ, చార్లెస్ విల్కిన్స్ వంటి పండితులు అప్పటికి తెలుగును సంస్కృతజన్యంగానే భావించేవారు. తెలుగులో తత్సమాలు విస్తారంగా ఉండటం ఈ భావనకు ఊతమిచ్చింది. ఎ.డి. కాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణ పీఠికలో దీనిని ఖండించాడు. ఆ పీఠికకు అనుబంధంగా ఎల్లిస్ రాసిన వివరణ ఆ ఖండనకు బలమైన ఆధారాలు సమకూర్చింది.

ధాతువులు, పదాలు, వాక్యనిర్మాణం అనే మూడు స్థాయిలలో ఎల్లిస్ తన పరిశీలనను సాగించాడు. తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువులతో పోల్చాడు. ఇందుకు కళాశాల పండితులైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుపట్టిక ఆధారమైంది. తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభజనకు మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను ఉపయోగించుకున్నాడు. అంటే, పాశ్చాత్యుల అభిప్రాయాన్ని తోసిపుచ్చడానికి కావలసిన ‘దేశ్యం’ అన్న భావన మన వ్యాకరణ సంప్రదాయంలోనే సిద్ధంగా ఉంది. తులనాత్మక పద్ధతి దానికి తోడై సిద్ధాంతంగా రూపొందింది.

3. మరుగున పడిన తీరు

ఈ నిరూపణ ప్రత్యేక గ్రంథంగా రాలేదు. తెలుగు నేర్చుకొనే కంపెనీ ఉద్యోగులకు ఉద్దేశించిన వ్యాకరణంలో, మరొకరి పేరుతో వెలువడిన పుస్తకంలో, పీఠికకు అనుబంధంగా వచ్చింది. భాషాచరిత్ర పరిశోధకులు వెదికే చోట అది లేదు. పైగా, 40 ఏళ్ళు నిండేవరకు తన పరిశోధనలను ప్రచురించరాదని ఎల్లిస్ నియమం పెట్టుకున్నట్లు వాల్టర్ ఎలియట్ పేర్కొన్నాడు. 1819లో ఎల్లిస్ రామనాథపురంలో ఆకస్మికంగా మరణించాడు. ఆయన రాతప్రతులలో చాలా భాగం నశించింది.

కాల్డ్వెల్ ఎల్లిస్‌ను విస్మరించలేదు. ఈ రంగంలో తొలి అడుగు ఆయనదేనని అంగీకరించాడు. అయితే ఆ కృషిని మూడు భాషల కొన్ని పదాల సంక్షిప్త పోలికగా మాత్రమే పరిగణించాడు. కాల్డ్వెల్ గ్రంథం విస్తృతి, లోతు కాదనలేనివి. కుటుంబానికి ‘ద్రావిడ’ అన్న పేరును స్థిరపరచిందీ ఆయనే. కానీ విస్తరించిన ఘనతకూ నిరూపించిన ఘనతకూ మధ్య భేదం క్రమంగా చెరిగిపోయింది. థామస్ ట్రౌట్‌మన్ 2006లో ప్రచురించిన గ్రంథం ఎల్లిస్ కృషిని మళ్ళీ చర్చకు తెచ్చింది. ఇందులో పట్టాభిరామశాస్త్రి, వెంకయ్యల స్థానం మాత్రం మన పాఠ్యాంశాలలో ఇంకా తగినంతగా కనిపించదు.

4. ముగింపు

పరిశోధన ఫలితం ఎంత విలువైనదైనా, అది ఏ శీర్షికతో, ఏ రూపంలో, ఎవరికి అందేలా వెలువడిందన్నదే దాని భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుందని ఈ ఉదంతం తెలుపుతున్నది. నేటికీ తెలుగులో ఎన్నో కొత్త ప్రతిపాదనలు సిద్ధాంతగ్రంథాల పీఠికలలో, సదస్సు సంచికలలో నిలిచిపోతున్నాయి. వాటిని స్వతంత్ర వ్యాసాలుగా, విషయాన్ని తెలిపే శీర్షికలతో ప్రకటించడం పరిశోధకుల బాధ్యత. సమాచారం సమకూర్చినవారిని పేరుపేరునా పేర్కొనడం కూడా అంతే అవసరం. పట్టాభిరామశాస్త్రి పేరును ఎల్లిస్ తన వివరణలో నమోదు చేశాడు.