ప్రణయహాస్యం, స్నేహం, చరిత్ర

ప్రణయ హాస్యచిత్రాలను గురించి అభ్యుదయ విమర్శకులు సాధారణంగా రెండే మాటలు చెప్తారు. ఒకటి, అది పలాయనవాదమని. రెండు, అది వ్యాపారమని. రెండూ అబద్ధాలు కావు. కాని రెండు నిజాలు చెప్పి చేతులు దులుపుకొన్నంత మాత్రాన విమర్శ పూర్తి కాదు. లక్షలాది మంది నవ్వుకొంటూ చూసిన దానిలో, ఆ నవ్వుకు కారణమైన జీవితం కొంతైనా ఉండి తీరుతుంది. దాన్ని వెతకటం కూడా విమర్శకుడి పనే.

ఆ మధ్య మా కాలేజీలో బి.ఎ. చదివే ఒక విద్యార్థిని ‘వెన్ హ్యారీ మెట్ శాలీ’ అనే అమెరికన్ చిత్రం చూసి వచ్చింది. “ఆడా మగా స్నేహితులుగా ఉండగలరా లేదా అని గంటన్నర సేపు వాదించుకొన్నారు సార్! మా ఊళ్ళో ఐతే ఆ ప్రశ్న అడగటానికే వీల్లేదు” అన్నది. తనకు తెలియకుండానే ఆ అమ్మాయి రెండు సమాజాలను పక్కపక్కన నిలబెట్టింది. ప్రశ్న అడగటానికి వీలున్న సమాజం ఒకటి, వీల్లేనిది ఒకటి. ఆ వీలు ఎక్కడినుంచి వచ్చింది? అమెరికావాళ్ళ రక్తంలో పుట్టిందా? లేదు. దానికొక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కూలి ఉంది, అద్దె కొంప ఉంది, చట్టం ఉంది, చివరకు ఒక ప్లాస్టిక్ టేపు కూడా ఉంది.

ముందు ‘డేటు’ అనే మాటను చూద్దాం. ఈ అర్థంలో ఈ మాట మొట్టమొదట అచ్చులో కనిపించిన చోట్లలో ఒకటి, 1896లో చికాగో పత్రికలో జార్జి ఏడ్ అనే రచయిత రాసిన కథనం. అందులో ఒక చిన్న గుమాస్తా తన ప్రియురాలు ఇంకెవరికో సమయం ఇస్తున్నదని వాపోతాడు. మాట పుట్టింది ధనికుల హాలులో కాదు, గుమాస్తాల వీధిలో అన్నది గమనించాలి. ఆనాటి మధ్యతరగతి ఇళ్ళలో పద్ధతి వేరు. పిల్ల తల్లి అనుమతిస్తే యువకుడు వాళ్ళ ఇంటికి వచ్చి, ముందుగదిలో పెద్దల కనుసన్నల్లో కూర్చుని మాట్లాడి పోయేవాడు. పిలిచే హక్కు ఆడవారిది, ఇల్లు వారిది. కాని కార్మికవాడల్లో ముందుగది ఎక్కడిది? న్యూయార్కులోని ఇరుకు అద్దె గదుల్లో తల్లీ పిల్లలూ అద్దెకుండే మనుషులూ కలిసి పడుకొనే చోట ప్రణయానికి జాగా లేదు. ఫ్యాక్టరీలో, దుకాణంలో పనిచేసే ఆడపిల్లలు, తమ వంటి కుర్రవాళ్ళతో కలిసి వీధిలోకి, నాట్యశాలలకు, కోనీ ఐలండు వంటి వినోద స్థలాలకు, 1905 తరువాత అయిదు సెంట్ల సినిమా హాళ్ళకు వెళ్ళారు. పేదరికం వల్ల పుట్టిన ఈ ఆచారాన్నే తరువాత మధ్యతరగతి తనదిగా స్వీకరించింది.

ఇందులో ఒక స్వేచ్ఛా ఉంది, ఒక ఉచ్చూ ఉంది. పెద్దల కళ్ళనుంచి తప్పించుకోవటం స్వేచ్ఛ. కాని ఇంట్లో ఉన్న కలయిక బజారుకు వచ్చేసరికి ప్రతి గంటకూ ఒక ధర ఏర్పడింది. ఆడదాని కూలి మగవాడి కూలి కంటే బాగా తక్కువ. అందువల్ల టిక్కెట్టూ తిండీ మగవాడే కొనాలి. కొన్నవాడికి ఏదో రాబట్టుకోవాలన్న ఆశ. బెడిసికొట్టిన డేటులో నవ్వు పుట్టించేది ఈ లెక్కే. ఇద్దరు అపరిచితులు బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఒకరినొకరు సరుకులా చూసుకొంటూ, సరుకుగా కనబడకుండా ఉండటానికి తంటాలు పడటం. హాస్యరచయితలకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఏం కావాలి?

ఇక సినిమా. 1929లో వచ్చిన ఆర్థిక సంక్షోభం అమెరికాలో లక్షలమందిని వీధిన పడేసింది. 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ వచ్చింది. ఇల్లు విడిచి పారిపోతున్న కోటీశ్వరుడి కూతురు, ఉద్యోగం పోగొట్టుకొన్న పత్రికా విలేఖరి ఒకే బస్సులో ప్రయాణం చేస్తారు. ధనికురాలికి సామాన్యుల బస్సు ఎక్కటం, జేబులో డబ్బు చూసుకొని తిండి తినటం నేర్పుతుంది ఆ ప్రయాణం. చిత్రం అయిదు ముఖ్యమైన ఆస్కార్ బహుమానాలూ గెల్చుకొన్నది. వర్గాల మధ్య ఉన్న అగాధాన్ని పెళ్ళితో పూడ్చవచ్చుననే భ్రమ అందులో ఉన్నమాట నిజం. కాని అగాధం ఉన్నదని ఒప్పుకోకుండా ఆ భ్రమను కల్పించటం కూడా సాధ్యం కాదు కదా! అదే ఏడు జులై నుంచి హాలీవుడ్డులో నీతినియమావళిని కఠినంగా అమలు జరపసాగారు. శరీరాన్ని చూపటానికి వీల్లేకపోయేసరికి మాట పదునెక్కింది. 1937లో వచ్చిన ‘ది ఆఫుల్ ట్రూత్’, 1940లో వచ్చిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ వంటి చిత్రాల్లో స్త్రీ మగవాడికి మాటకు మాట అప్పజెప్తుంది. రెండో చిత్రంలోని నాయిక స్వయంగా విలేఖరి. ఆమెను ఇంటి నాలుగు గోడల మధ్యకు పంపటమా, పత్రికాఫీసులో ఉంచటమా అన్నదే కథ. అంటే ప్రణయహాస్యం మొదటినుంచీ స్త్రీ చేసే పనిని గురించిన వాదం కూడా.

మూడు దశాబ్దాల తరువాత ఆ వాదానికి భౌతికమైన ఆధారాలు సమకూడాయి. 1960లో అమెరికా ప్రభుత్వం గర్భనిరోధక మాత్రను ఆమోదించింది. తప్పు నిరూపించనక్కరలేకుండా విడాకులిచ్చే చట్టం 1970లో కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చి, తరువాత ఇతర రాష్ట్రాలకు పాకింది. స్త్రీ అన్న కారణంగా అప్పు నిరాకరించరాదని 1974లో చట్టం చేయవలసి వచ్చింది. చదువుకొని, ఉద్యోగం చేస్తూ, తన అద్దె తాను కట్టుకొనే స్త్రీ మహానగరాల్లో మామూలు మనిషి అయింది. అటువంటి స్త్రీతో మగవాడు ఏ సంబంధం పెట్టుకోవాలి? ఆమె ఆశ్రితురాలు కాదు. కనుక పోషకుడి పాత్ర చెల్లదు. మిగిలింది సమానుల సంబంధం. సమానుల సంబంధానికే మనం స్నేహమని పేరు పెట్టుకొన్నాం.

ఇక్కడనే మన విద్యార్థిని చూసిన చిత్రం వస్తుంది. 1989 జులైలో విడుదలైన ‘వెన్ హ్యారీ మెట్ శాలీ’కి దర్శకుడు రాబ్ రైనర్, రచయిత్రి నోరా ఎఫ్రాన్. విడాకుల తరువాత తాను గడిపిన ఒంటరి జీవితాన్ని గురించి రైనర్ చెప్పిన సంగతులనుంచి హ్యారీ పాత్రనూ, తన స్వభావంనుంచి శాలీ పాత్రనూ ఆమె తయారు చేసింది. 1977లో చికాగో విశ్వవిద్యాలయం విడిచి న్యూయార్కు వెళ్ళే పద్దెనిమిది గంటల కారు ప్రయాణంలో ఇద్దరికీ పరిచయం. మగవాడి కోరిక అడ్డు వస్తుంది కనుక స్త్రీపురుషులు స్నేహితులు కాలేరని హ్యారీ వాదన. అయిదేళ్ళకొకసారి తారసపడి, చివరకు ఇద్దరూ ఎవరి గాయాలతో వారు మిగిలినప్పుడు, ఆ వాదనను తమ బ్రతుకే ఖండించేంత గాఢంగా స్నేహితులవుతారు.

చిత్రంలో బెడిసికొట్టిన డేట్లు చాలా ఉన్నాయి. భోజనం బల్ల దగ్గర శాలీ తలవెంట్రుక పీకి పళ్ళు కుట్టుకొన్న పెద్దమనిషి ముచ్చట ఒకటి. ఐతే అన్నిటిలోకీ అర్థవంతమైనది నలుగురు కూర్చున్న హోటలు దృశ్యం. హ్యారీ తన మిత్రుణ్ణి శాలీకి, శాలీ తన స్నేహితురాలిని హ్యారీకి అంటగట్టాలని తీసుకువస్తారు. తీరా చూస్తే ఆ మిత్రుడూ ఆ స్నేహితురాలూ ఒకరికొకరు నచ్చి, ఒకే టాక్సీలో ఎక్కి పోతారు. వారిని కలిపింది ఏమిటి? అరవైల్లో నాటకశాలకు ఉన్న స్థానాన్ని ఎనభైల్లో హోటళ్ళు ఆక్రమించాయని అతడు పత్రికలో రాసిన మాట. రాసింది అతడేనని తెలియక ఆమె దాన్ని మెచ్చుకొంటుంది. నవ్వులో కలిసిపోయిన ఈ మాట ఒక దశాబ్దంమీద తీర్పు. ఉద్యమాల కాలం పోయి ఉపభోగాల కాలం వచ్చిందన్నమాట. ఆ జంటే ఇల్లు పెట్టి ఒక బండిచక్రపు బల్ల విషయంలో పేచీ పడితే, హ్యారీ ఉగ్రుడై, పుస్తకాలమీద ఎవరి పేర్లు వాళ్ళు ఇప్పుడే రాసుకొండని కేకలు వేస్తాడు. ప్రేమ పోయాక మిగిలేది ఆస్తి పంపకమేనని విడాకులు అతనికి నేర్పాయి. కుటుంబమూ సొంత ఆస్తీ కవలలని ఎంగెల్సు 1884లో గ్రంథం రాసి చెప్పాడు. అదే సంగతిని ఈ చిత్రం ఒక బల్ల అడ్డం పెట్టి చెప్పింది.

మరి చిత్రం లోపం ఏమిటి? అడిగిన ప్రశ్నకు అది జవాబు చెప్పదు. మొదటి చిత్తులో హ్యారీ, శాలీ చివరకు ఎవరి దారిన వారు పోతారు. చిత్రీకరణ సమయంలో రైనర్ తన కాబోయే భార్యను కలుసుకొన్నాడు, ముగింపు మారింది. నూతన సంవత్సరపు రాత్రి హ్యారీ పరుగెత్తుకొంటూ వస్తాడు, తరువాత పెళ్ళి. అంటే స్నేహం పెళ్ళికి మెట్టు అయింది గాని తనంతట తాను నిలవగల సంబంధం కాలేదు. ఇది ఒక దర్శకుడి సొంత అదృష్టంతో తేలే విషయం కాదు. ఒంటరి ముసలితనాన్నీ రోగాన్నీ సమాజం పట్టించుకోని చోట, వాటికి ఉన్న ఏకైక భీమా పెళ్ళి. నలభయ్యో ఏడు వస్తున్నదని శాలీ ఏడుస్తుంది. అప్పటికి ఆమెకు ఇంకా చాలా ఏళ్ళ వ్యవధి ఉన్నది. ఆ కన్నీటిలో చిత్రం చెప్పని ఆర్థికశాస్త్రం ఉంది.

ఈ చిత్రం థియేటర్లలో అమెరికాలోనే తొమ్మిది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కాని ఇన్నేళ్ళు జ్ఞాపకం ఉండటానికి కారణం థియేటరు కాదు, ఇంటి వీడియో. 1975లో సోనీ కంపెనీ బీటామ్యాక్స్, 1976లో జె.వి.సి. కంపెనీ వి.హెచ్.ఎస్. పద్ధతి ప్రవేశపెట్టాయి. తమ సొత్తు దోపిడీ అవుతున్నదని యూనివర్సల్, డిస్నీ కంపెనీలు దావా వేశాయి. ఇంట్లో చూసుకోవటానికి టెలివిజను కార్యక్రమాన్ని నమోదు చేసుకోవటం నేరం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరిలో అయిదుగురు, నలుగురుగా చీలి తీర్పు చెప్పింది. ఆ యంత్రాన్ని చంపాలని చూసిన కంపెనీలే కొద్ది ఏళ్ళలో దానివల్ల థియేటరును మించి ఆర్జించాయి. కొన్న క్యాసెట్టును అద్దెకిచ్చుకొనే హక్కు చట్టం దుకాణదారుకు ఇవ్వటంవల్ల వీధివీధినా అద్దె దుకాణాలు వెలిశాయి. 1985లో మొదలైన బ్లాక్‌బస్టర్ వాటిలో అనేకాన్ని మింగింది. 2010లో అదీ దివాలా తీసింది. పెట్టుబడి కథ ఇంతే.

యుద్ధాలూ ఎడారులూ చిన్న తెరమీద కుంచించుకుపోతాయి. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవటం కుంచించుకుపోదు. అందుకే ఈ రకం చిత్రాలు టేపులో చక్కగా ఒదిగాయి. ఐతే పోయిందీ ఉంది. వందలమంది కలిసి నవ్విన నవ్వు ఒక్క గదిలో ఒక్కరి నవ్వయింది. చిత్రం దీన్ని ముందే పసిగట్టినట్టు ఒక దృశ్యం చూపుతుంది. హ్యారీ, శాలీ ఎవరి ఇంట్లో వారు, ఎవరి మంచంమీద వారు పడుకొని, టెలివిజనులో 1942 నాటి ‘కాసాబ్లాంకా’ను చూస్తూ టెలిఫోనులో మాట్లాడుకొంటారు. తెర రెండుగా చీలి ఉంటుంది. పెట్టుబడిదారీ నగరం మనిషిని ఎంత ఒంటరిని చేసిందో, ఆ ఒంటరితనంలో మనిషి తోడుకోసం ఎంత వెతుక్కొంటాడో ఆ ఒక్క దృశ్యం చెప్తుంది.

మన సంగతి ఏమిటి? 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటినుంచి రంగుల టెలివిజనూ, దానివెంట వీడియోలూ వచ్చాయి. మన పట్టణాల్లో వీడియో పార్లర్లు వెలిశాయి. అమెరికాలోని తెలుగువారు కిరాణా దుకాణాల్లో తెలుగు సినిమా క్యాసెట్లు అద్దెకు తెచ్చుకొన్నారు. యంత్రం సులువుగానే సముద్రం దాటింది. సంబంధాలు దాటలేదు. మనకు మంచి ప్రణయహాస్యం లేదని కాదు. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’లో ఇద్దరు నిరుద్యోగులు బడిపంతుళ్ళ ఉద్యోగంకోసం భార్యాభర్తలుగా నటిస్తారు. నిరుద్యోగాన్ని ఇంత హాయిగా, ఇంత నిజంగా చూపిన చిత్రాలు అరుదు. కాని నాయిక క్రైస్తవురాలు కాదు, తప్పిపోయిన జమీందారు కూతురని తేలితేగాని పెళ్ళి జరగదు. మతం అనే చిక్కుముడిని విప్పకుండా, చిక్కే లేదని తేల్చారు. హ్యారీ కథలో స్నేహం పెళ్ళిలో కలిసిపోతే, మన కథలో తేడా పుట్టుకలో కలిసిపోయింది. రెండుచోట్లా హాస్యం ప్రశ్న అడిగి, సమాజం చూపిన జవాబు చెప్పి తప్పుకొన్నది.

తెరమీద ఇట్లా తప్పుకోవచ్చు. బయట కుదరదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకొన్న దళిత యువకుడు పట్టపగలు హత్యకు గురయ్యాడు. అటువంటి చోట ఒక అమ్మాయీ అబ్బాయీ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, ఒకరికొకరు నచ్చక, నవ్వుకొని లేచిపోవటం ఎంత పెద్ద విషయం! బెడిసికొట్టిన డేటు కూడా ఒక హక్కే. నచ్చలేదని చెప్పి క్షేమంగా ఇంటికి పోగల హక్కు అది. ఆ హక్కు స్త్రీ చేతికి వచ్చే కూలితో, ఆమె పేరున ఉండే ఇంటితో, ఆమెను కాపాడే చట్టంతో, కులం అడగని బల్లతో వస్తుంది.

కనుక ఆ విద్యార్థినికి నా జవాబు ఇది. స్త్రీపురుషులు స్నేహితులు కాగలరా అన్నది స్వభావానికి సంబంధించిన ప్రశ్న కాదు, సమానతకు సంబంధించినది. అమెరికాలో ఆ ప్రశ్నను వీధిలోకి తెచ్చింది ఫ్యాక్టరీ ఆడపిల్లలు, హాస్యరచయితలు దాన్ని తెరమీదికి ఎక్కించారు. మన ఊళ్ళో ఆ ప్రశ్న అడగటానికి వీలు కల్పించవలసింది మనం. ఆ పని జరిగిననాడు మన హాస్యం తప్పిపోయిన జమీందారు కూతుళ్ళను వెతకనక్కరలేదు.