అంబేద్కర్ ఆర్థిక పత్రాలు: ఎవరి అలమారాలో, ఎవరి చేతిలో?

అర్థశాస్త్ర చరిత్ర పాఠంలో ఆడమ్ స్మిత్ వస్తాడు, మార్క్స్ వస్తాడు, కీన్స్ వస్తాడు. మనదేశం నుంచి నౌరోజీ, రానడేల దాకా వచ్చి పాఠం ఆగిపోతుంది. అంబేద్కర్ పేరు రాజ్యాంగం పాఠంలోనే వినబడుతుంది. దీన్ని ఒట్టి మరుపు అనుకోవడానికి మేము సిద్ధంగా లేము. కాగితం ఎవరి అలమారాలో ఉంటే చరిత్ర కూడా వాళ్ల చెప్పుచేతల్లోనే ఉంటుంది.

ఆయన అసలు చదువే అర్థశాస్త్రం. 1915లో కొలంబియాలో ఎం.ఏ. కోసం ఈస్టిండియా కంపెనీ ఆర్థిక వ్యవహారాల మీద రాశారు. 1923లో లండన్‌లో రూపాయి సమస్య మీద గ్రంథం వచ్చింది. దానికి ముందుమాట రాసిన ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ శిష్యుడి వాదనతో పూర్తిగా ఏకీభవించలేదు, ఆ మాట ముందుమాటలోనే చెప్పాడు. 1925లో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద మరో గ్రంథం అచ్చయింది. 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆరవ సంపుటం వేసేదాకా ఈ మూడూ సామాన్య పాఠకుడికి ఒక్కచోట దొరకలేదు.

1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసం ములుగుకు మరీ దగ్గరిది. భూమి ముక్కలైంది కాబట్టే రైతు చెడిపోయాడు, ముక్కలన్నీ కలిపితే సరిపోతుందని ఆనాటి పెద్దలు అన్నారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే పెట్టుబడితో, శ్రమతో తేలుతుంది. పనిలేని చేతులన్నీ భూమి మీదే పడి ఉన్నంతకాలం కమతాలు కలిపినా లాభం లేదు, పరిశ్రమలు రావాలి అన్నారు. మంగపేట, ఏటూరునాగారం దిక్కు మిర్చి ఏరే కూలికి, సెంటు భూమి లేని మాదిగ, మాల వాడలకు ఇది వందేళ్ల కిందటి ముచ్చట కాదు. కానీ ఆ వ్యాసం వాళ్ల పిల్లల చేతికి ఎట్లా వస్తది?

దీనికి అంబేద్కర్ జీవితంలోనే ఒక జవాబుంది. 1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ ఆయన ఉపన్యాసానికి అభ్యంతరం చెప్పి మహాసభనే మానుకుంది. ఆయన ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడలేదు. కుల నిర్మూలన ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చువేశారు. 1937 ముద్రణలో గాంధీ విమర్శను, దానికి తన జవాబును పక్కపక్కనే పెట్టారు. గేటు మూస్తే కాగితాన్ని జనంలోకి తీసుకుపోవడం, ఎదుటివాడి మాటను కూడా దాచకపోవడం మాకు ఆయన నేర్పిన పద్ధతి.

ఆర్థికవేత్తలు ఇదే పద్ధతిని తమ అవసరం కోసం ఇంకో తీరుగా అలవాటు చేసుకున్నారు. పత్రికలో అచ్చుకాకముందే పరిశోధన పత్రాన్ని తోటివాళ్లకు పంచి విమర్శ అడుగుతారు. 1997లో మొదలైన రెపెక్ అట్లాంటి పత్రాల జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్నది. అర్థశాస్త్ర చరిత్రకూ అందులో వేరే విభాగం ఉన్నది. మనదేశంలో యూజీసీ 2009 నిబంధనల తర్వాత పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగలోకి చేరుతున్నాయి. అంబేద్కర్ రచనల కాపీరైట్ 2016తో ముగిసింది. ఆయన ఇంగ్లీషు సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు.

అయితే తలుపు తెరిచినంత మాత్రాన అందరూ లోపలికి వచ్చినట్టు కాదు. గడప దగ్గర ఇంగ్లీషు కాపలా కూచున్నది. ఇంకో మాట. పరిశోధకులు కోయగూడేలకు, దళితవాడలకు వచ్చి అప్పులు, కూలి, పోడు గురించి అడిగి రాసుకపోతారు. చెప్పినోళ్లకు ఆ రాత మళ్లీ కనబడదు. మన బతుకు వాళ్ల డిగ్రీకి ముడిసరుకైంది. ఈ తప్పులో మాలాంటి చదువుకున్నోళ్లకూ వాటా ఉన్నది.

2023 చట్టంతో ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ ఈ జిల్లా మీద రాసే ప్రతి పత్రం ఉచితంగా దొరకాలి. దాని సారాంశం తెలుగులో, వీలైతే కోయలో ఉండాలి. సమాచారం ఇచ్చిన ఊళ్లో దాన్ని చదివి వినిపించాలి. వాళ్లు ‘ఇది తప్పు’ అంటే ఆ మాట కూడా పత్రంలో చేరాలి. కానన్ తన అసమ్మతిని ముందుమాటలో రాయగలిగినప్పుడు, మిర్చి కూలి అసమ్మతికి పరిశోధన పత్రంలో చోటు ఎందుకు ఉండగూడదని మేము అడుగుతున్నాం.